గిలక సందులో అటక

టాలిన్ పాతఊళ్ళో గిలక సందు అని ఒకటుంది. చీకటి పడ్డాక ఆ సందులో ఎవరూ తల పైకెత్తరు.

నడిచేవాళ్ళు లేరని కాదు. దగ్గరి దారి కదా, తప్పనిసరైతే నడుస్తారు. కానీ కళ్ళు నేలమీదే పెట్టుకుని, తాళంచెవుల గుత్తి పిడికిట్లో బిగించి, మాటా పలుకూ లేకుండా దాటేస్తారు. కుక్కల్ని తిప్పేవాళ్ళయితే అసలు అటు రారు. కుక్కలు రానివ్వవు.

సందు మధ్యలో పాతకాలపు వర్తకుడి ఇల్లొకటి. సన్నగా, నిటారుగా ఉంటుంది. పైన కప్పు కొస దగ్గర, సందులోకి తెరుచుకునే అటక తలుపు. దానిమీద బయటికి పొడుచుకొచ్చిన దూలం... దూలానికి ఇనుప గిలక. ఒకప్పుడు ఉప్పు మూటలూ ధాన్యం బస్తాలూ ఆ గిలక మీదే అటక మీదికి లాగేవారు. ఇప్పుడు తాడు లేదు. లాగేవాళ్ళూ లేరు.

అయినా గిలక తిరుగుతుంది. కిర్రు... కిర్రుమని.

గాలి లేని రోజు కూడా.

నవంబరు నెలయితే మరీను. ఆ రోజుల్లో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి దిగిపోతుంది. గిలక చప్పుడు వెనకాలే ఒక ఆడపిల్ల గొంతు వినబడుతుందంటారు. అరుపు కాదు, ఏడుపు కాదు — గుసగుస. ఎవరినో పిలుస్తుందట. పలకకూడదట.

ఇప్పుడు చెప్పబోయేది విర్పి అనే ఆవిడకి జరిగింది. ఆవిడ నాకు చెప్పినప్పుడు పట్టపగలు. చేతిలో వేడి కాఫీ. అయినా చెబుతూ చెబుతూ రెండుసార్లు లేచి తలుపు గడియ చూసొచ్చింది.

విర్పిది ఫిన్లండు. హెల్సింకీలో ఓడెక్కితే రెండు గంటల్లో టాలిన్. అక్కడివాళ్ళు సంతకి వెళ్ళొచ్చినట్టు వెళ్ళొస్తారు. విర్పి మాత్రం నలభై ఏళ్ళుగా ఆ ఓడెక్కలేదు. ఎవరు రమ్మన్నా "నాకు కడుపులో తిప్పుతుంది" అనేది. మొగుడు నమ్మాడు. ఆడపడుచు తార్యా మాత్రం నమ్మలేదు.

"వదినా, సముద్రం అద్దంలా ఉంది. ఇవాళ కూడా కడుపులో తిప్పుతుందంటే నిన్ను ఎత్తుకెళ్ళి ఓడలో పడేస్తా."

"మీ అన్నయ్యకి వంట..."

"అన్నయ్యకి పోయింది మోకాళ్ళు, చేతులు కాదు. బంగాళాదుంపలు ఉడకేసుకుంటాడు. కోటు తొడుక్కో."

అలా బయల్దేరింది. పొద్దున వెళ్ళి రాత్రి ఓడకి తిరిగి వచ్చేయడం. ఒక్క పూట... ఏమవుతుందిలే అనుకుంది.

ఓడ దిగి కోట గుమ్మం దాటగానే విర్పికి ఊరు గుర్తుపట్టలేనట్టు అనిపించింది. తను చూసిన టాలిన్ వేరు. అది రష్యన్ల కాలం. వీధిదీపాలు గుడ్డిగా వెలిగేవి, గోడలన్నీ బొగ్గుపొగ వాసన కొట్టేవి, వెనకాల ఎవడో ఒకడు పేపరు చదువుతున్నట్టు నటిస్తూ నడిచేవాడు. ఇప్పుడో — ప్రతి గోడకీ రంగులు, ప్రతి మూలా పంచదార పాకంలో వేయించిన బాదంపప్పు వాసన, ఫోనులు పైకెత్తి ఫొటోలు తీసుకునే జనం. 'హమ్మయ్య, ఇది ఆ ఊరు కాదు' అని గుండెల మీద చెయ్యేసుకుంది.

కానీ కాళ్ళకింద రాళ్ళు అవే. ఎక్కడ నున్నగా జారతాయో, ఎక్కడ మడమ ఇరుక్కుంటుందో... పాదాలకి ముందే తెలిసిపోతోంది. అది విర్పికి నచ్చలేదు.

మధ్యాహ్నందాకా తార్యా దుకాణాలన్నీ తిరిగింది. బాదం మిఠాయి కొంది, ఉన్ని మేజోళ్ళు కొంది. చీకటి పడుతుండగా రెండు టికెట్లు పట్టుకుని గంతులేస్తూ వచ్చింది.

"దెయ్యాల నడక వదినా! లాంతరు పట్టుకుని ఊరంతా తిప్పుతారట. దెయ్యాలున్న ఇళ్ళన్నీ చూపిస్తారట. చివర్లో వేడివేడి ద్రాక్షసారా కూడా ఇస్తారట."

"నీకు కావలసింది ఆ చివరిది."

"అవుననుకో. అయినా రా."

నడిపించే ఆవిడ పేరు ఉల్వి. నల్లటి ముసుగు అంగీ, చేతిలో ఇత్తడి లాంతరు, గరగరలాడే గొంతు. పదిపన్నెండుమంది ఆమె వెనకాల. ఒక గోపురం దగ్గర తల లేని కాపలావాడు, ఒక బావి దగ్గర నీళ్ళ దెయ్యం... అందరూ నవ్వుతూ, పక్కవాళ్ళని గిల్లుతూ నడుస్తున్నారు. విర్పి కూడా నవ్వింది.

తరవాత ఉల్వి ఒక మలుపు తిరిగింది.

విర్పి పాదాలు ఆగిపోయాయి.

సన్నటి సందు. ఒకే ఒక దీపం. సందు మధ్యలో నిటారుగా ఒక ఇల్లు... పైన దూలం... గిలక.

"ఏంటి వదినా, రా."

"తార్యా... ఈ సందు వద్దు."

"భయమేస్తోందా? అబ్బ, డబ్బులు గిట్టాయి!"

ఉల్వి లాంతరు కిందికి దించి గొంతు తగ్గించింది. ఇక్కడ తల పైకెత్తకండి అంది. నలభై ఏళ్ళ కిందట ఫిన్లండు నుంచి ఒక పిల్ల ఓడలో వచ్చిందనీ, ఈ ఇంటి కుర్రాడి మాయలో పడి తన యాత్రికుల బృందాన్ని వదిలేసి రహస్యంగా ఇక్కడికి వచ్చిందనీ చెప్పింది.

"ఆమె అటక ఎక్కడం ఎదురింటివాళ్ళు చూశారు. దిగడం మాత్రం... ఎవ్వరూ చూళ్ళేదు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు.

"ఆ నవంబరు నుంచి పైనుంచి పిలుస్తూనే ఉంది. పాపం, తను చచ్చిపోయానని తనకి తెలీదు. ఆ పిల్ల పేరు..." ఉల్వి ఒక్కొక్కరి మొహం కేసీ చూసింది. "విర్పి."

"అమ్మో!" తార్యా విర్పి చెయ్యి పట్టి ఊపేసింది. "వదినా, నీ పేరే! విన్నావా, నీ పేరే!"

అందరూ గొల్లున నవ్వారు. ఉల్వి కూడా నవ్వి, లాంతరు ఎత్తుకుని ముందుకి కదిలింది. జనం కదిలారు. తార్యా ద్రాక్షసారా ధ్యాసలో పడి వాళ్ళ వెంట గబగబా పోయింది.

విర్పి కదల్లేదు. కదల్లేకపోయింది.

ఎందుకంటే... ఆ పిల్ల తనే.

అప్పుడు ఇరవై రెండేళ్ళు. బృందంతో కలిసి మూడు రోజుల కోసం వచ్చింది. ఉర్మస్ ఒక కాఫీ హోటల్లో తగిలాడు. దొంగచాటుగా ఫిన్లండు టీవీ చూసి ఫిన్నిష్ నేర్చుకున్నవాడు — ప్రకటనల్లో మనుషులు మాట్లాడినట్టు మాట్లాడేవాడు. "ఈ సబ్బు మీ చర్మాన్ని మృదువుగా ఉంచుతుంది" అని తనకి చెప్పిన మొట్టమొదటి మాట. అలా నవ్వించాడు. పరాయి దేశపు మనిషిని ఇంటికి తీసుకెళ్ళడం ఆ రోజుల్లో నేరం. అయినా చివరి సాయంత్రం ఇద్దరూ ఈ ఇంటి అటక మీద కూర్చున్నారు. ఓడ వేళవుతుంటే, "కదలకు, కింద ఎవరైనా ఉన్నారేమో చూసొస్తా" అని ఉర్మస్ దిగాడు.

తిరిగి రాలేదు.

చీకట్లో ఎంతసేపు కూర్చుందో. అటక తలుపు సందులోంచి మెల్లగా పిలిచింది. పలుకు లేదు. ఆఖరికి కింద బూట్ల చప్పుడు... ఒక జత కాదు, రెండు మూడు జతలు. వెనక మెట్ల మీదుగా పెరట్లోకి జారింది, గోడ ఎగిరి దూకింది, రేవుదాకా పరుగెత్తింది. ఓడ నిచ్చెన తీసేయబోతుంటే ఎక్కింది. అంతే. ఉత్తరం రాస్తే అతనికే ప్రమాదం అని భయపడింది. రాయలేదు. తరవాత పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం...

ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనని మాట అది. ఇప్పుడీ ఊళ్ళో టికెట్టు పెట్టి చెబుతున్నారు.

'నేను చావలేదు' అనుకుంది విర్పి. నవ్వు వచ్చినంత పనైంది. 'ఇదిగో ఇక్కడే ఉన్నాను. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు.'

కిర్రు...

నవ్వు గొంతులోనే ఆగింది.

గాలి లేదు. దీపం చుట్టూ మంచు పొగలా కదలకుండా నిలబడి ఉంది.

కిర్రు... కిర్రు...

తల ఎత్తకూడదనుకుంది. ఎత్తింది.

అటక తలుపు ఒక బెత్తెడు తెరుచుకుని ఉంది. ఇందాక మూసే ఉంది... మూసే ఉందా? ఆ బెత్తెడు చీకట్లోంచి, ఊపిరికంటే కొంచెమే పెద్దగా —

"ఉర్మస్... ఇంకా ఎంతసేపు? నాకు చలేస్తోంది..."

విర్పి ఒళ్ళంతా మంచు పాకినట్టయింది. గొంతు విని కాదు... ఆ మాట విని. ఆ రాత్రి తను అన్న మాట అదే. అచ్చంగా అదే. ఉల్వికి తెలీదు. ఉర్మస్‌కి కూడా తెలీదు. అన్నది తను, విన్నది చీకటి.

పారిపోదామనుకుంది. ఒక్కడుగు వేసి, గోడ పట్టుకుంది. సరిగ్గా అప్పుడే కింద తలుపు తెరుచుకుంది.

ఒక ముసలావిడ. చేతిలో పొయ్యి బూడిద బకెట్టు. దీపం వెలుగులో గోడకి అతుక్కుపోయిన మనిషిని చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఎవరది?"

విర్పి నోట్లోంచి ఉన్న మాటే వచ్చేసింది.

"విర్పిని."

బకెట్టు చేతిలోంచి జారి రాళ్ళమీద దొర్లింది. ముసలావిడ రెండు చేతులూ ముందుకి చాపి, వెనక్కి వెనక్కి నడిచింది.

"కిందికి... దిగొచ్చేశావా? ఎందుకు దిగావు? రోజూ జవాబు చెబుతూనే ఉన్నానుగా నీకు..." అని, కళ్ళు చికిలించి చూసి, వణుకుతూనే అంది — "ముసలిదానివైపోయావేంటే?"

"నేను చావలేదండీ! చావలేదు! చెయ్యి పట్టుకు చూడండి!"

చేతి తొడుగు లాగేసి చెయ్యి చాపింది. ముసలావిడ చాలాసేపు ముట్టుకోలేదు. ముట్టుకున్నాక వదల్లేదు.

ఆవిడ ఉర్మస్ అక్క. తమ్ముడిలాగే టీవీ చూసి ఫిన్నిష్ నేర్చుకుంది. పేరు మైమూ. ఇంట్లో ఒక్కతే ఉంటోంది. లాక్కెళ్ళి వంటింట్లో పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. తలుపు వేసింది, గడియ పెట్టింది. 

"వెనక గోడ దూకావా? ఆ గోడా? నిలువెత్తు గోడే అది!"

"భయం దూకించింది."

"మేం ఏమనుకున్నామో తెలుసా... ఆ వచ్చిన రహస్య పోలీసులు నిన్ను పైనే చంపేసి, చడీచప్పుడూ లేకుండా మోసుకుపోయారనుకున్నాం. అమ్మ ఆ మెట్లు నెలరోజులు కడిగింది, నెత్తురు లేకపోయినా."

"ఉర్మస్?"

మైమూ పొయ్యికేసి చూసింది.

"సందు మొదట్లోనే పట్టుకున్నారు. పిల్ల ఎక్కడంటే — ఏ పిల్ల, నాకే పిల్లా తెలీదన్నాడు. పళ్ళు రాలగొట్టినా అదే మాట. తరవాత సైన్యంలోకి తోశారు, ఎక్కడో దూరం... మర్సటేడు పెట్టె వచ్చింది. సీలేసిన పెట్టె. తెరవొద్దన్నారు. అమ్మ దానిమీద చెవి పెట్టి పడుకుంది రాత్రంతా."

విర్పి ఈ నలభై ఏళ్ళు అతను ఎక్కడో పెళ్ళాంపిల్లలతో, బట్టతలతో, సబ్బుల జోకులు వేసుకుంటూ బతుకుతున్నాడని అనుకుంటూ వచ్చింది. అలా అనుకోవడం అలవాటైపోయింది.

"ఆ దీపం పట్టుకు తిరిగే ఉల్వి ఉందే, నా మాటలకి ఉప్పూకారం చల్లి అమ్ముకుంటోంది" అంది మైమూ. "నేను చెప్పింది ఒక్కటే ముక్క — పైన ఆ పిల్ల ఉందని. నవంబరు వచ్చిందంటే రోజూ అడుగుతుంది, ఉర్మస్ వచ్చాడా అని. నేను మెట్లకింద నిలబడి చెబుతాను... ఇంకా రాలేదమ్మా, పడుకో, అని. అప్పుడు ఊరుకుంటుంది. పాపం కదా. మా తమ్ముడి కోసం చచ్చిన పిల్ల కదా. అందుకని నేను..."

మైమూ మాట ఆపేసింది.

ఆవిడ చెయ్యి విర్పి చేతి మీద ఉంది. వెచ్చటి చెయ్యి. బతికున్న మనిషి చెయ్యి. ఆ చేతికేసి చూసింది, తరవాత పైకప్పు కేసి చూసింది.

"నువ్వు చావలేదుగా."

"లేదు."

"నువ్వు ఇక్కడే ఉన్నావుగా... నా పక్కన."

"ఉన్నాను."

"మరైతే..." మైమూ పెదాలు తడారిపోయాయి. "ఇన్నేళ్ళూ నేను జవాబు చెప్పింది ఎవరికే?"

పొయ్యిలో కట్టె చిట్లింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

పైన... కిర్రు... కిర్రు...

తరవాత అడుగు. నగ్నపాదం చెక్కమీద పెట్టినట్టు మెత్తగా. ఇంకో అడుగు. అటక ఈ మూల నుంచి ఆ మూలకి.

"ఉర్మస్... వచ్చావా? ఓడ వెళ్ళిపోతుంది..."

ఈసారి స్పష్టంగా వినబడింది. సందులోంచి కాదు, ఇంట్లోంచి. మెట్లమీది చీకట్లోంచి. తన గొంతే అది. సిగరెట్లు తాగని గొంతు, పిల్లలమీద అరిచి బొంగురుపోని గొంతు. ఇరవై రెండేళ్ళ గొంతు. ఫోనులో తన కూతురు పిలిచినట్టుంది.

విర్పి చెవులు మూసుకుంది.

"చెప్పు" అని గుసగుసలాడింది మైమూ. "ఏదో ఒకటి చెప్పాలి. చెప్పకపోతే తెల్లార్లూ తిరుగుతుంది."

"మీరే చెప్పండి. రోజూ చెప్పేదే..."

"నాకిప్పుడు నోరు రావడం లేదే. నాకు తెలిసినంతవరకూ ఆమె నువ్వు. ఇప్పుడు... ఇప్పుడు ఎవరో నాకు తెలీదు."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నడవాలోకి వచ్చారు. మెట్లకింద నిలబడ్డారు. పైన దీపం లేదు. చీకటి మెట్లమీదుగా కిందికి పారుతున్నట్టుంది, దానితో పాటే చల్లదనం.

"ఉర్మస్?"

విర్పి గోడ పట్టుకుంది. అబద్ధం చెబుదామనుకుంది — ఇంకా రాలేదు, పడుకో, అని. నోటిదాకా వచ్చింది. కానీ ఆ గొంతులో చలి వణుకు వింటే... ఆ చలి తనకి గుర్తుంది. వేళ్ళు కొంకర్లు పోయి, ఏడిస్తే వినబడుతుందని కోటు చెయ్యి కొరుక్కుని కూర్చోవడం గుర్తుంది. నలభై ఏళ్ళు అలా కూర్చుందా ఈ పిల్ల?

"ఉర్మస్ రాడు" అంది.  మళ్ళీ అంది. "ఉర్మస్ ఇక రాడమ్మా. ఎదురుచూడకు. ఓడ ఇంకా ఉంది... దిగి రా. ఇంటికి పోదాం."



గిలక ఆగిపోయింది. మైమూ ఊపిరి కూడా ఆగినట్టే ఉంది.

"వినలేదేమో—" అనబోయింది విర్పి.

పై మెట్టు కిర్రుమంది.

తరవాత దాని కింది మెట్టు.

మైమూ విర్పి కోటు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ వంటింట్లోకి వచ్చిపడ్డారు. తలుపు మూసి, గడియ పెట్టి, భుజాలు ఆనించి నిలబడ్డారు. మెట్లు ఒక్కొక్కటే పలుకుతున్నాయి. తొందర లేదు. చీకట్లో తడుముకుంటూ దిగే మనిషిలా. నడవాలోకి వచ్చింది. వంటింటి తలుపు దగ్గర... ఆగింది.

తలుపు కిందనుంచి చలిగాలి వచ్చి చీలమండలకి తగిలింది.

విర్పి కళ్ళు మూసుకుంది. తలుపుకి అవతల, సరిగ్గా తన చెంప ఎత్తులో, ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. పీల్చి... వదిలి... ఏదో అడగబోయి ఆగినట్టు.

తరవాత వీధి తలుపు తెరుచుకుంది. రాళ్ళమీద పాదాల చప్పుడు — నడక కాదు, పరుగు — దూరమై, దూరమై, పోయింది.

 మైమూ ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. విర్పి గడియ తీసింది. నడవా ఖాళీ. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం బయట ఎవరో ఇటుకేసే వస్తున్నారు.

విర్పి కెవ్వున అరిచింది.

"ఏయ్, నేనే! తార్యాని!" చేతిలో కాగితం గ్లాసు, మొహం నిండా విసుగు. "వదినా, బుద్ధుందా నీకు? ద్రాక్షసారా తాగి వెనక్కి చూస్తే నువ్వు లేవు. ఊరంతా వెతుక్కుంటూ వస్తే..." అని ఆగింది. విర్పినీ, ఆమె వెనక నడవానీ మార్చి మార్చి చూసింది. "ఇదేంటి? నువ్వు లోపలెప్పుడు దూరావు?"

"ఎందుకు?"

"ఎందుకేంటి! ఇప్పుడేగా ఈ గుమ్మంలోంచి బయటికొచ్చి నా పక్కనుంచే దూసుకుపోయావు? వదినా వదినా అని అరుస్తున్నా వినకుండా. జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా! మోకాళ్ళు పోయింది అన్నయ్యకే, నీకు కాదని తెలుసనుకో... ఇరవై ఏళ్ళ పిల్లలా పరిగెత్తావు!"

"మొహం చూశావా?"

"దీపం వెనకుంది, సరిగా కనబళ్ళేదు. అయినా నీ నడక నాకు తెలీదా? భుజం తగిలింది కూడా. ఎంత చల్లగా..."

తార్యా మాట మధ్యలో ఆగిపోయింది. విర్పి తలమీది ఉన్ని టోపీ చూసింది. కాళ్ళకి బూట్లు చూసింది. గ్లాసులోంచి సారా ఒలికి వేళ్ళమీదుగా కారుతోంది. ఆమెకి తెలియడం లేదు.

"వదినా... అయితే అది ఎవరు?"

విర్పి సందు చివరి చీకటికేసి చూస్తూ ఒక్కటే అడిగింది.

"ఎటు వెళ్ళింది?"

"రేవు వైపు" అంది తార్యా. అని, విర్పి చెయ్యి గట్టిగా పట్టుకుని, మరీ చిన్నగా అంది —

"వదినా... మన ఓడ కూడా అదేగా?"